నలభై బావుల పేపరు

"ఏమ్మా, ఈ పొద్దన్నా చిక్కిందా?"

లైబ్రరీ వాకిట్లో బ్యాగుల కౌంటరు. ఆదిమూలం పదిహేడో నంబరు టోకెను అందించాడు.

"ఇంకా లేదంకుల్!" టోకెను లాక్కుని రంజని లోపలికి పరుగెత్తింది.

ఆమెకు కావలసింది ఒకే ఒక్క రిసెర్చ్ పేపరు. 1988లో అచ్చయింది. ఈ ఊళ్ళోనే పురసవాక్కం పేటలో నలభై బావులు ఎంచుకుని, ఏ నెలలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో రెండేళ్ళపాటు కొలిచి రాసిన పేపరు.

సరిగ్గా అవే బావుల్ని ఇప్పుడు మళ్ళీ కొలవాలి. అదే రంజని పీహెచ్‌డీ.

ఆ పత్రిక ఎప్పుడో ఆగిపోయింది. నెట్‌లో లేదు. లైబ్రరీలో మాత్రం వరసంతా ఉంది, ఆ ఒక్క ఏడాది తప్ప!

"ఆ వాల్యూమ్ వరదలో నానిపోయింది మా" అన్నాడు లైబ్రేరియన్ మోహన్‌రాజ్. "వేరే ఊళ్ళ లైబ్రరీలకు రాసినాను. ఎవురి దగ్గరన్నా ఉంటే స్కాన్ చేసి పంపిస్తారు."

"ఎప్పటికి సార్?"

"వాళ్ళకు తోచినప్పుడు."

గైడు పరిమళ మేడం అంత ఓపిక పట్టే రకం కాదు.

"సోమవారం రివ్యూ. పాత బావులేవో తెలీకుండా దేన్ని కొలుస్తావు రంజనీ? పేపరు దొరక్కపోతే టాపిక్ మార్చెయ్."

ఏడాది కష్టం! మార్చెయ్ అంటే మార్చెయ్యడమేనా?

రంజని పట్టు వదల్లేదు. ఢిల్లీలో చదువుతున్న స్నేహితురాలు ప్రీతిని అక్కడి లైబ్రరీకి తరిమింది.

గంటలో ఫోను. "ఎనభై ఏడు ఉండాదే, ఎనభై తొమ్మిది ఉండాదే. నడిమిది మాత్రం లేదు!"

"అక్కడ కూడా వరదొచ్చిందా?"

"ఈడ చలికే చస్తా ఉండాము. వరదెక్కడిది!"

సాయంత్రం బ్యాగు అందిస్తూ ఆదిమూలం మళ్ళీ అడిగాడు.

"రాసినాయనకే ఒక కార్డు ముక్క రాసేది గదమ్మా? అచ్చయినాక ఆయనకు ఇరవై ముప్పై కాపీలు ఇస్తారు. అడిగినోళ్ళకు పోస్టులో పంపేవాళ్ళు. ఒక కాలంలో నేనే ఎన్ని కవర్లు అంటించినానో!"

రంజనికి నవ్వొచ్చింది. ఈ కాలంలో కార్డు!

"ఆయన పోయి పదేళ్ళయింది అంకుల్."

"అయ్యో. ఎవురాయన? దేని గురించి పేపరు?"

"పెద్ద కథ అంకుల్, మీకు బోర్ కొడుతుంది. నాకు ట్రైను టైమయింది!"

"చెప్తే గదా తెలిసేది, బోరా కాదా అని!" ఆదిమూలం వెనకనుంచి కేకేసి నవ్వాడు.

అప్పటికి రంజని గేటు దాటేసింది.

శుక్రవారం కౌంటరు మీద మైసూర్‌పాక్ డబ్బా ఉంది.

"తీసుకోమ్మా. ఈ పొద్దుతో నా డ్యూటీ సరి. రిటైరు."

"అయ్యో, కంగ్రాట్స్ అంకుల్!" ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళు మాత్రం ఫోనులోని మెయిళ్ళ మీదే.

"ఆ పేపరేందో కడాకి చెప్పనే లేదు నువ్వు."

"దాని పేరే రెండు లైన్లుంటుంది అంకుల్. అంతా ఇంగ్లీషు."

"సరి సరి" అన్నాడు ఆదిమూలం, ఏమీ అనుకోకుండా. "పెరంబూరు పక్కకొస్తే ఇంటికి రామ్మా. స్టేషను బయట టీకొట్లో అడుగు, చూపిస్తారు."

"తప్పకుండా" అంది రంజని, తల ఎత్తకుండానే.

సోమవారం ఉదయం మోహన్‌రాజ్ ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"వచ్చేసింది మా! ధార్వాడ నుంచి. పద్నాలుగు పేజీలు!"

లైబ్రరీ అన్న సంగతి మరచి రంజని కేక పెట్టింది. నాలుగు బల్లల నుంచి "ష్ష్" అన్నారు. కేక పెడితే పెట్టనీ అన్నట్టు మోహన్‌రాజ్ కూడా పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

స్కాను అద్దంలా ఉంది. పట్టికలన్నీ ఉన్నాయి. ఏ నెల, ఎన్ని అడుగులు, అంకె అంకె చక్కగా కనిపిస్తోంది.

ఇక బావులెక్కడున్నాయో చూడాలి.

బావి ఒకటి. బావి రెండు. బావి మూడు... బావి నలభై.

అంతే! వీధి పేరు లేదు. ఇంటి నంబరు లేదు. మ్యాపులో నలభై నల్లటి చుక్కలు. ఇప్పుడు ఏ చుక్క మీద ఏ బట్టల షాపు లేచిందో ఎవరు చెప్పాలి?

"సార్, ఇవి యాడుండాయని ఎవరికి తెలుస్తుంది?"

"నాకెట్లా తెలుస్తుంది మా? దిగి కొలిచినోళ్ళకు తెలుస్తుంది."

నలభై ఏళ్ళ కిందట కొలిచినవాళ్ళు! వాళ్ళను ఏ లైబ్రరీ స్కాన్ చేసి పంపుతుంది?

రివ్యూకు ఇంకా మూడు గంటలుంది. రంజని నిట్టూర్చి ఆఖరి పేజీ దాకా జరిపింది.

అడుగున, చిన్న చిన్న అక్షరాల్లో, రచయిత కృతజ్ఞతలు చెప్పుకున్నాడు: "ఈ నలభై బావుల్నీ గల్లీ గల్లీ తిరిగి వెతికిపెట్టిందీ, రెండేళ్ళపాటు నెలనెలా సైకిలు మీద వెళ్ళి ఒక్కో బావిలో టేపు దించి ఇందులోని ప్రతి కొలతా తీసిందీ నేను కాదు, మా ల్యాబ్ కుర్రవాడు, పెరంబూరు ఆదిమూలం."