పదివేల అడుగులు

"సార్, ఛాతీ పట్టేసినట్టుంది. కాసేపు కూర్చుంటాను," అన్నాడు అటెండరు, ఐదో అంతస్తులో ఆఫీసరు గది తలుపు పట్టుకుని.

"నువ్వు కూర్చుంటే నాకు కప్పెవరిస్తారయ్యా?" ఆఫీసరు కుర్చీలోంచి కదల్లేదు. "పదివేలకి ఇంకా పదమూడు వందల అడుగులున్నాయి. నడిస్తే గుండెకు మంచిదని వారం నుంచి మొత్తుకుంటుంటే నీ చెవికెక్కదా?"

ఆఫీసులో ఆరోగ్య వారోత్సవం. లిఫ్టుకి తాళం వేసి, 'మెట్లెక్కండి, గుండెను కాపాడుకోండి' అని బోర్డు తగిలించారు. రోజూ పదివేల అడుగులు నడిచినవాళ్ళకి బహుమతిగా కప్పు. అడుగులు లెక్కపెట్టే వాచీలు అందరికీ ఇచ్చారు, అటెండర్లకు తప్ప. నడక గొప్పదనం వాళ్ళకి ఒకరు చెప్పాలా! అందరి అడుగులూ, గుండె చప్పుళ్ళూ కింద గదిలో డాక్టరు కంప్యూటర్లో చూస్తుంటాడు. మన ఆఫీసరు బుర్రున్న మనిషి. మొదటిరోజే తన వాచీ అటెండరు చేతికి కట్టి, పైన చొక్కా చేతి గుండీ పెట్టేశాడు.

"ఎడమ చెయ్యి కూడా లాగుతోంది సార్."

"కొత్త వాచీ కదా, అలాగే ఉంటుంది. వెళ్ళు."

అటెండరు అటు తిరిగాడో లేదో, మెట్ల మీద దడదడా చప్పుడు. డాక్టరు, స్ట్రెచరుతో కాంపౌండరు, వాళ్ళ వెనక రొప్పుతూ డైరెక్టరు. అటెండరుకి ప్రాణం లేచొచ్చింది. ఎవరు చెప్పారో గాని, తన కోసమే వచ్చారు!

డాక్టరు అతన్ని పక్కకు నెట్టి గదిలోకి దూరాడు. "సార్, కదలకండి! మీ గుండె లయ తప్పింది. వెంటనే ఆస్పత్రికి చేర్చాలి."

ఆఫీసరు అటెండరు వైపు చూశాడు. డైరెక్టరు వైపు చూశాడు. తెరిచిన నోరు మూసుకుని, బుద్ధిగా స్ట్రెచరు మీద పడుకుని, చేతులు దుప్పటి కింద దాచుకున్నాడు.

"లిఫ్టు తాళంచెవి వెతికేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది," అన్నాడు డైరెక్టరు. "ఏయ్ అటెండర్, గుడ్లప్పగించి చూస్తావేం? తలవైపు పట్టుకో!"

"అయ్యా, నాకు..."

"అవతల మనిషి పోతుంటే నీ గోలేంటయ్యా!"

పట్టుకున్నాడు. ఆఫీసరు తొంభై కిలోల మనిషి. నాలుగో అంతస్తు దిగారు. మూడోది దిగారు. డాక్టరూ డైరెక్టరూ అంబులెన్సు కోసం ముందు పరిగెత్తారు. రెండో అంతస్తు మలుపులో అటెండరుకి కళ్ళు చీకట్లు కమ్మాయి.

"సార్... మీరైనా చెప్పండి సార్," అన్నాడు.

ఆఫీసరు ఒక కన్ను తెరిచాడు. ముందున్న కాంపౌండరు వినడం లేదని చూసుకుని, మెల్లగా అన్నాడు.

"చొక్కా చెయ్యి పైకి పోయింది. వాచీ కనబడుతోంది, కిందికి లాక్కో."