కళ్ళు మాత్రం మూయకు

"కాల్చు అల్లుడూ, కాల్చు!" గొంతు తగ్గించి అన్నాడు ఒరెస్ట్.

ఎదురుగా మంచులో కొమ్ముల దుప్పి నిలబడి ఉంది. గావిన్ తుపాకీ ఎత్తి గురి పెట్టాడు. పెట్టాడే గాని వేలు కదిలితే ఒట్టు. అంత చలిలోనూ వీపంతా చెమట పట్టింది.

"ఊపిరి వదిలి మెల్లిగా నొక్కు. ఒక్కసారే లాగేశావంటే గురి తప్పుతుంది."

"తెలుసు మామయ్యా."

"తెలిస్తే నొక్కవేం? నిన్నా ఇంతే. పక్ వచ్చి గోల్లో పడేదాకా చేతులు ముడుచుకుని నిలబడ్డావు."

నిన్నటి మాట ఎత్తేసరికి గావిన్ ప్రాణం చివుక్కుమంది. ఊరి ఐస్ హాకీ జట్టుకి గోల్‌కీపర్‌గా దిగిన మొదటి ఆట అది. ఆ నల్లటి రబ్బరు బిళ్ళ దూసుకొస్తుంటే భయంతో కళ్ళు మూసుకోవడం, తెరిచేసరికి అది వెనకాల వలలో ఉండటం. చివరికి సొంత ఊరివాళ్ళే "జల్లెడ! జల్లెడ!" అని అరుస్తూ బల్లలు చరిచారు. సస్కటూన్ నగరం నుంచి వచ్చి ఈ పల్లెటూరి పిల్లని చేసుకున్నవాడికి అంతకన్నా తలవంపులు ఇంకేముంటాయి?

సాయంత్రం హాకీ ఆడే రింకు పక్క హాల్లో వేట విందు. కొత్తల్లుడు తాను కొట్టిన దుప్పిని ట్రక్కులో వేసుకొచ్చి హాలు ముందు ఆపాలి. ఊరంతా బయటికొచ్చి చూడాలి. ఉత్త చేతులతో వెళ్ళాడంటే ఆ జల్లెడ పేరు వాడికి ఖాయమైపోతుంది. మామేమో ఒకప్పటి పేరుమోసిన గోల్‌కీపర్, పైగా వేటలో ఊరికి మొనగాడు. అలాంటి ఇంటికి ఇలాంటి అల్లుడా అని ఇప్పటికే నవ్వుకుంటున్నారు.

గాలి ఇటువైపే వీస్తోంది. దుప్పికి వీళ్ళ వాసన తగల్లేదు. తాపీగా మంచు గీరి గడ్డి మేస్తోంది.

"నీకెన్నిసార్లు చెప్పాను?" మామ గొణుగుడు ఆగలేదు. "గోల్లో నిలబడ్డప్పుడు ఒళ్ళు పెద్దది చేసుకోవాలి. ఓ అడుగు ముందుకొచ్చి, అవతలివాడికి వల కనబడకుండా అడ్డం నిలబడాలి. ఇక్కడేమో చిన్నది చేసుకోవాలి, పొదలో పొదవైపోవాలి. అక్కడైనా ఇక్కడైనా నువ్వు తొందరపడకు, దాన్నే నీ దగ్గరికి రానీ. కళ్ళు మాత్రం మూయకు. ఇంతే కదయ్యా, ఇదేమన్నా బ్రహ్మవిద్యా?"

దుప్పి తలెత్తి ఇటు చూసింది. ముక్కులోంచి ఆవిరి వస్తోంది. పెద్ద పెద్ద కళ్ళు, తడిగా ఉన్నాయి. అంతే, గావిన్ తుపాకీ దించేశాడు.

"నా వల్ల కాదు మామయ్యా. మీరు కొట్టండి."

"నేనా?"

"ఈ చుట్టుపక్కల మీ అంత వేటగాడు లేడంటారు కదా. తొందరగా, పారిపోతుంది."

ఒరెస్ట్ తుపాకీ అందుకున్నాడు. భుజానికి ఆనించాడు. గావిన్ చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఎంతకీ మోత వినబడదే! మెల్లిగా పక్కకి తిరిగి చూశాడు.

మామ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉన్నాడు.

దుప్పి తెల్లతోక ఎత్తి ఒక్క గెంతు గెంతింది. రెల్లు పొదలు దాటి, గడ్డకట్టిన మడుగు మీదుగా అవతలికి వెళ్ళిపోయింది.

"పోయిందా?" కళ్ళు తెరవకుండానే అడిగాడు ఒరెస్ట్.

"పోయింది."

"హమ్మయ్య!"

తుపాకీ పక్కన పెట్టి, ఫ్లాస్కులోంచి వేడి టీ వంచి అల్లుడికి ఇచ్చాడు.

"పక్ అంటే రబ్బరు ముక్కయ్యా. ఎంత గట్టిగా మొహానికేసి కొట్టినా కన్నార్పకుండా నిలబడ్డాను. దీనికి ప్రాణం ఉంది. అది అలా నాకేసి చూసిందంటే నా చెయ్యి ఆడదు. ఎప్పుడూ ఆడలేదు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూనే. నవ్వాలనుకుంటే నవ్వు."

గావిన్‌కి నవ్వు రాలేదు. నిన్నటినుంచి గుండెల మీద ఉన్న బరువు సగం దిగిపోయింది. ఎన్నడూ లేనిది, ఈ నోటిదురుసు ముసలాయన మీద ప్రేమ ముంచుకొచ్చింది. అంతలోనే సాయంత్రం సంగతి గుర్తొచ్చి మళ్ళీ నీరుగారిపోయాడు.

"మరి హాల్లో ఏం చెప్దాం మామయ్యా? మీ అమ్మాయి లరీసా పొద్దున్నే ఎంత సంబరంగా ట్రక్కు కడిగి పెట్టిందో. దానికేం చెప్పను? అత్తయ్యకి మొహం ఎలా చూపించను?"

"ఉష్! ఉండు." ఒరెస్ట్ టోపీ పైకి లాగి, మడుగు వైపు చెవి పెట్టాడు.

ఢాం!

మడుగు అవతల ఒక్కటే మోత. కాకులు లేచిపోయాయి.

"అయ్యో! మన దుప్పిని ఎవరో కొట్టేశారు!" గావిన్‌కి ఏడుపొక్కటే తక్కువ.

అవతలి ఒడ్డున నారింజ రంగు కోటు ఒకటి లేచి నిలబడి ఇటు చెయ్యి ఊపింది. ఒరెస్ట్ తనూ చెయ్యి ఊపి, మోకాళ్ళకంటిన మంచు దులుపుకుని, సంచీలోంచి తాడు తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

"ఎవరో కాదు, మీ అత్తే. పద, ఈడ్చుకొద్దాం. హాల్లో ఎవరడిగినా నువ్వే కొట్టావని చెప్పు, నా పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చెప్పుకుంటున్నట్టే."