తెర కింద అక్షరాలు

తెర మీద కుక్క నోరు తెరిచి మూసింది.

నాన్న సినిమా ఆపి నా వైపు తిరిగాడు. "అది మొరిగిందా, ఆవులించిందా?"

మొరిగిందని ఫోన్‌లో టైపు చేసి చూపించాను.

"మరి కింద రాయలేదేం?"

నాకు ఒళ్లు మండింది. పగలంతా పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని, ఇంటికొచ్చి వంట చేసి, మిగిలిన ఓపికంతా కూడగట్టుకుని ఆ సినిమాలో మాటలన్నీ టైపు చేశాను. ఒక్క కుక్క తప్పిపోయింది. ఈయనగారికి అదే కనిపించింది.

నాన్న చెవుల్ని నూలు మిల్లు తినేసింది. రిటైరయ్యేసరికి ఎదురుగా నిలబడి అరిచినా వినపడని స్థితి. అప్పట్నించీ సాయంత్రాలు సినిమాలతోనే కాలక్షేపం. కింద అక్షరాలుంటే చాలు, ఏ సినిమా అయినా సరే.

నాకు ఒక సినిమా రాయాలంటే వారం పడుతుంది. ఆయనకేమో రోజుకొకటి కావాలి.

మిగతావి ఒక వెబ్‌సైటులోంచి వచ్చేవి. ఇంట్లో వినపడని మనిషి ఉన్నవాళ్లు, ఎక్కడెక్కడివాళ్లో, నాలాగే తీరిక చేసుకుని రాసి అందులో పెట్టేవాళ్లు. దాన్ని నడిపే ఆయన్ని మేమంతా సైటాయన అనేవాళ్లం.

కొత్త చట్టం సంగతి ఆయనే ఫోన్ చేసి చెప్పాడు.

"సినిమాలో మాటలు వాళ్ల సొత్తటమ్మా. అనుమతి లేకుండా రాసి నెట్‌లో పెడితే దొంగతనం కిందే లెక్కట. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మనల్ని అడక్కుండానే సైటు మూసేస్తారట."

"మనం సినిమా ఇవ్వట్లేదు కదండీ. కుక్క మొరిగిందని రాస్తున్నాం, అంతే కదా."

"ఆ మొరగడం కూడా వాళ్లదేనేమో" అన్నాడు.

నవ్వే ఓపిక ఇద్దరికీ లేదు.

ఆ చట్టం వద్దంటూ ఆదివారం ర్యాలీ అన్నారు. నాన్న నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

అంత జనంలో నీకేం వినపడుతుంది నాన్నా, అని టైపు చేశాను.

"వినడానికి వస్తున్నానా నేను? అనడానికి వస్తున్నా" అన్నాడు.

జనం బాగానే వచ్చారు. పాటలు కట్టేవాళ్లు, పత్రికలవాళ్లు, కాలేజీ పిల్లలు, ఇంట్లో కూర్చుని వంటల వీడియోలు తీసుకునే ఆడవాళ్లు. ఎవరి బాధ వాళ్లది. ముందు నడుస్తున్న అమ్మాయి మైకులో "ఈ చట్టం" అనగానే వెనక మేమంతా "వద్దు" అనాలి.

నాన్న పక్కవాళ్ల నోళ్లు చూసి నోరు తెరుస్తున్నాడు. అందుకని ఆయన "వద్దు" ప్రతిసారీ కాస్త వెనకబడుతోంది. ఆ హోరులో ఎవరికీ తెలియలేదు కాబట్టి సరిపోయింది.

నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఆ అమ్మాయి ఏదో చెప్పాలని చెయ్యెత్తింది. జనం అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

అప్పుడొచ్చింది నాన్నది.

"వద్దు."

మిల్లులో మిషన్ల మీదుగా అరిచి అరిచి అలవాటైన గొంతు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్నని చూసి సిగ్గుపడ్డానే అని వెంటనే ఏడుపొచ్చింది.

"సరిగ్గానే అన్నానా?" అని అడిగాడు.

అందరితో పాటే అన్నావు, అని టైపు చేశాను.

చట్టం రానే వచ్చింది. టీవీలో సభ్యులు బల్లలు చరుస్తుంటే నాన్న వాళ్ల చేతుల వంకే చూస్తూ, "ఏమంటున్నారు?" అన్నాడు.

అయిపోయింది నాన్నా, అని చూపించాను.

సైటాయన ఆ సాయంత్రమే సైటు మూసేశాడు. "పిల్లలున్నవాణ్నమ్మా, ఏమీ అనుకోకు" అన్నాడు. నేనేమనుకుంటాను.

ఇక నేను రాసినవే నాన్నకి దిక్కయ్యాయి. వాటినే తిప్పి తిప్పి చూశాడు. కుక్క వచ్చే చోట ఆపి నన్ను సాధించడం కూడా మానేశాడు. అది మాత్రం నేను తట్టుకోలేకపోయాను.

నిన్న పనినుంచి రాగానే ఫోన్ పట్టుకుని ఎదురొచ్చాడు. అందులో ర్యాలీ వీడియో ఉంది. అదే కూడలి. మధ్యలో నాన్న.

"దీనికి రాసిపెట్టు. తీసినతన్ని అడిగే తెచ్చాను. రాసుకోమన్నాడు" అన్నాడు. "నేనేమన్నానో చదువుకుంటాను."

చెప్పులైనా విప్పకుండా కూర్చున్నాను.

(జనం: వద్దు) అని రాశాను.

కాస్త ఆగి, మళ్లీ (జనం: వద్దు).

ఆ అమ్మాయి చెయ్యెత్తే చోటు వచ్చింది.

అక్కడ కూడా జనం అని రాసేస్తే ఏ గొడవా లేదు. ఆయనకెలా తెలుస్తుంది? ఆ రోజు నేనాడిన అబద్ధం అలాగే ఉండిపోతుంది. ఆయన పక్కనే నిలబడి నా వేళ్ల వంక చూస్తున్నాడు.

ఎందుకో ఆ కుక్క గుర్తొచ్చింది.

(నిశ్శబ్దం) అని రాశాను. దాని తర్వాత, (ఒకే ఒక్క గొంతు: వద్దు).

నాన్న చదివాడు. వీడియో వెనక్కి జరిపి, మళ్లీ చదివాడు.

"ఒక్కణ్నే అన్నానా?"

తలూపాను.

కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"అయితే బాగా వినపడే ఉంటుంది" అన్నాడు.