సొలాంజ్ ఇవ్వని బంతి

నాకు యూనిఫాం మోజని మా అమ్మ నమ్మకం. కామెరూన్ రాజధాని యావుండేలో సైన్యం, పోలీసులు కలిసి నడిపే బాస్కెట్‌బాల్ క్లబ్బులో నేను చేరింది ఎవడో సార్జెంటు కోసమేనని రోజూ నా బ్యాగు వెతుకుతుంది.

ఇవాళ మ్యాచ్ ఆఖరి పది సెకన్లలో నేను బుట్ట కింద ఒంటరిగా ఉన్నాను. మా జట్టులోని కార్పొరల్ సొలాంజ్ నన్ను చూసింది. చూసి కూడా, ఎదుటి జట్టువాళ్లిద్దరు కమ్ముకున్న మా లెఫ్టినెంట్‌కే బంతి ఇచ్చింది. ఒక్క పాయింటుతో ఓడాం.

పోయిన వారం మా అమ్మ సొలాంజ్‌కు పొగబెట్టిన చేపలు ఇస్తుంటే చూశాను. నన్ను జట్టులోంచి తరిమేయమని అడిగి ఉంటుంది. ఆట అయ్యాక నిలదీశాను.

"మా అమ్మ నీకేం చెప్పింది అక్కా?"

సొలాంజ్ బూట్లు విప్పుతూ నవ్వింది. "నిన్ను ఓ కంట కనిపెట్టమంది. చేపలు బాగున్నాయి. బంతి సంగతి వేరు పిల్లా. పై హోదావాళ్లు చెయ్యి చాపితే వాళ్లకే ఇవ్వాలి. నువ్వింకా సివిలియన్‌వి."

"ఓడిపోయాం కదా."

"నన్నెవరైనా తిట్టారా?"

తిట్టలేదు. లెఫ్టినెంట్ ఆమె భుజం తట్టడం కూడా చూశాను.

సొలాంజ్ సైన్యంలో చేరే కాగితం నా ఒళ్లో పెట్టింది. "సంతకం పెట్టు. నీ కింద ఇద్దరు చేరారంటే బంతి నీకూ వస్తుంది."

కాగితం మడిచి ఆమె బూటులో పెట్టాను. రేపు డౌలా బస్సెక్కి, అక్కడి రేవు కార్మికుల జట్టులో చేరతాను.