లేచి నిలబడ్డ రాక్షసి

"ముట్టుకోకు తాతా," అంది కోమల.

ముసలాయన చాచిన ఎడమ చేయి వెనక్కి తీసుకున్నాడు.

నేత షెడ్డులో, పాత మగ్గం గుంటలో జానెడు రాక్షసి బొమ్మ నిలబడి ఉంది. లోపల ఇనుప తీగ, పైన మైనం కలిపిన నల్లమట్టి. దాని కాలు వెంట్రుకవాసి జరపాలి, ఒక ఫోటో తీయాలి. మళ్ళీ జరపాలి, మళ్ళీ తీయాలి. ఆ ఫోటోలన్నీ వేగంగా తిప్పితే అది నడుస్తుంది. మధ్యలో ఎవరి వేలు తగిలినా చేసిందంతా మట్టిపాలే.

ఇవన్నీ ఇప్పుడు కంప్యూటర్లో అవుతుంటే నీకీ పిచ్చేమిటని చౌటుప్పల్‌లో అడగనివాళ్ళు లేరు.

"మా అవ్వ చేతితోని నేసింది. నేను చేతితోని నడిపిస్త," అనేది కోమల.

ఈ పిచ్చి చిన్నప్పుడు టీవీలో చూసిన ఒక పాత రాక్షసి సినిమాతో పట్టుకుంది. అందులో రెప్పపాటు కాలం, రాక్షసి వెనక ఒక మనిషి కుడిచేయి కనిపిస్తుంది. చిటికెన వేలు లేని చేయి. బొమ్మను జరిపినవాడు చేయి పక్కకు తీయడం మరిచిపోయాడు. ఇంట్లో అందరూ పగలబడి నవ్వారు. కోమల మాత్రం ఆ దృశ్యం ఫోటోను పెద్దది చేయించి పడక పక్కన గోడకు అంటించుకుంది.

ముసలాయన వెనక వీధిలో కొత్తగా కిరాయికి దిగాడు. రోజూ శాలువా కప్పుకొని వచ్చి షెడ్డు గడపలో కూర్చునేవాడు. అవ్వ మల్లమ్మ చాయ్ ఇస్తే ఎడమ చేత్తో అందుకున్నాడు. ఇంత వయసొచ్చి ఆ మాత్రం మర్యాద తెలియదా అని అవ్వకు ఒళ్ళు మండింది. కోమలకూ మండింది.

షెడ్డును చిన్నాయన ప్లాట్లవాళ్ళకు అమ్మేశాడు. సోమవారం కూలగొడతారు. మిగిలింది ఒక్క సీనే. ఫ్యాక్టరీ విషంతో పాడైన చెరువులోంచి వచ్చిన రాక్షసి ఆ ఫ్యాక్టరీ గేటు ముందే కూలి చావాలి.

"దాన్నెందుకు సంపుతవు బిడ్డా?" అన్నాడు ముసలాయన.

"రాక్షసి సినిమాల ఆఖరికి అది సావాలె గదా."

"నీళ్ళు ఖరాబు చేసింది అది కాదు. ఇంకెన్ని సినిమాల్ల సంపుతరు? ఒక్కసారన్న లేవనియ్యి."

"నా సినిమా నా ఇష్టం. రేపటిసంది గిటు రాకు."

ఆయన శాలువా సర్దుకొని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే కోమలకు జ్వరం ముంచుకొచ్చింది. సోమవారం దాటాక దవాఖాన నుంచి వచ్చేసరికి షెడ్డు లేదు. చదును చేసిన నేల, హద్దురాళ్ళు. సినిమా పోయిందని వెక్కి వెక్కి ఏడ్చింది.

అవ్వ కెమెరా తెచ్చి ఒళ్ళో పెట్టింది. కూలగొట్టక ముందే ముసలాయన వచ్చి షెడ్డు తాళం అడిగాడట, ఇచ్చేసిందట.

"నన్ను అడగకుండనే ముట్టనిచ్చినవా?"

"మగ్గం మీద బట్ట సగంల ఆగితే పక్కింటోడు గుంటల దిగి నేస్తడు. మనోళ్ళల్ల ఎవరన్న వద్దంటరా?"

కోమల కోపంగా ఫోటోలు తిప్పింది. రాక్షసి గేటు ముందు మోకాళ్ళ మీద కూలింది. తర్వాత ఒక చేయి నేలకు ఆనించింది. భారంగా, మొండిగా లేచింది. గేటు వైపే తలెత్తి చూసింది. కోమల మనసులోనూ ఉన్నది అదే, తీయడానికే ధైర్యం చాలలేదు.

వెనక వీధికి పరుగెత్తింది. గది ఖాళీ. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. ఆయన పేరు కూడా ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి మళ్ళీ మొదటి నుంచి తిప్పింది.

రాక్షసి లేచి నిలబడ్డ చివరి ఫోటోలో, దాని వీపు వెనక ఒక కుడిచేయి తీయకుండా ఉండిపోయింది. దానికి చిటికెన వేలు లేదు.