బాత్రూంలో బకెట్

అత్తమ్మ తలుపు కొట్టేసరికి నేను బాత్రూంలో బీరు బకెట్‌ను కౌగిలించుకుని కూర్చున్నాను.

పెళ్లయ్యాక నిశాంత్, నేను కలిసి చేసిన మొదటి వంట అది. ఇంట్లోనే బీరు చేసుకునే కిట్‌లో వచ్చిన పాకాన్ని నీళ్లలో కలిపి ఈస్ట్ చల్లాం. మూత మీది గొట్టంలో బుడుంగుమని బుడగ వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టుకున్నాం. అత్తామామలు వస్తున్నారని ఇక్కడ దాచాం. ఇప్పుడా చప్పుడే నా ప్రాణం మీదికి తెచ్చింది.

"అక్షరా, లోపట ఏంది ఆ సప్పుడు?"

"పైపులు, అత్తమ్మా! పాత ఫ్లాట్ కదా!"

"పైపులు పులిసిన వాసనొస్తయా? తలుపు తియ్యి."

నిశాంత్ ఆఫీసులో ఉన్నాడు. ఇంగ్లండ్‌లోని ఈ షెఫీల్డ్ ఫ్లాట్ బాత్రూంకి కిటికీ కూడా లేదు. గడియ తీశాను.

అత్తమ్మ లోపలికి వచ్చి, మూత దగ్గర ముక్కు పెట్టి, కళ్లు మూసుకుంది. తిట్ల కోసం నేను తల వంచుకున్నాను.

"మా తల్లిగారింట్ల దసరాకు ఆడోళ్లమంత కూసొని కల్లు తాగేటోళ్లం. పెండ్లయినంక మీ మామ వద్దన్నడు. అప్పటిసంది గీ వాసన గూడ చూడలే."

నేనేదో అనబోయేలోపు వాకింగ్ నుంచి వచ్చిన మామయ్య గొంతు వినిపించింది.

"ఏమే, ఏడున్నవ్? చాయ్ పెట్టు!"

అత్తమ్మ చప్పున గడియ వేసింది.

"కోడలికి తలకు నూనె పెడ్తున్న. ఇయ్యాల నువ్వే పెట్టుకో!" అని కేకేసి, అద్దం ముందున్న గ్లాసు తీసి కడిగి, బకెట్ అడుగునున్న చిన్న కుళాయి కింద పట్టింది.

"తిప్పు, బిడ్డా."