మూడో గేరు దాటని బండి

"మెల్లగా పోనీరా. ఎవరు తరుముతున్నారని?" అన్నాడు వెనక సీట్లోంచి జయరావు.

ఇమ్మానియేలు మెల్లగానే పోతున్నాడు. ముందు పత్తి ట్రాక్టరు ఉంది. లోడు రెండు వైపులా రోడ్డు మీదికి ఉబ్బి దారి ఇవ్వడం లేదు. అతని చేతిలో ఉన్నది పది సెకన్లలో వంద అందుకునే ఎర్రటి చిన్న కారు. టర్బో ఇంజను, ఆరు గేర్లు. గుంటూరులో బయల్దేరిన దగ్గర్నుంచి మూడో గేరు దాటలేదు.

వెనక జయరావు, ఆయన భార్య, ఆమె చెల్లెలు. ముందు సీట్లో జయరావు కొడుకు మార్క్. అందరూ వినుకొండలో పెళ్ళికి. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా కారు అడుగు రోడ్డుకి గీసుకుంటోంది. ఇమ్మానియేలు పళ్ళు బిగిస్తున్నాడు. మిగతావాళ్ళు చీరల గురించి మాట్లాడుకుంటున్నారు.

అతని మనసంతా తిరుగు ప్రయాణం మీదే ఉంది. ఇవాళ రెండో శనివారం. భార్య రెబ్కాకి స్కూలు సెలవు. నాలుగింటికల్లా వచ్చి సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్తానని మాటిచ్చాడు. మాటివ్వడం కొత్త కాదు. నిలబెట్టుకోవడమే ఇంకా మొదలుపెట్టలేదు.

"ఇవాళ వాళ్ళ మొహం మీదే చెప్పెయ్," అంది రెబ్కా పొద్దున గుమ్మంలో నిలబడి. "ఇంక నా వల్ల కాదు, వేరే ఏర్పాటు చూసుకోండి అని. చెప్పకుండా వచ్చావంటే నేను మా అమ్మ దగ్గరికెళ్ళిపోతా. బస్సులో."

దారి పొడవునా ఆ ముక్కే లోపల వల్లె వేసుకుంటున్నాడు.

నరసరావుపేట దాటాక టీకి ఆగారు. మార్క్‌కి సరదా పుట్టింది, తను నడుపుతానన్నాడు. బెంగుళూరులో అతనికి ఇంతకంటే పెద్ద కారే ఉంది, ఆటోమేటిక్. ఇమ్మానియేలు పక్క సీట్లోకి మారాడు. మార్క్‌కి ఎడమ కాలితో ఏం చేయాలో తెలియలేదు. కారు దూడలా గెంతి ఆగింది. మళ్ళీ గెంతి ఆగింది. ఆ తర్వాతి గెంతుకి జయరావు భార్య తల కిటికీకి కొట్టుకుంది.

"దిగరా నాయనా," అన్నాడు జయరావు. "వాడికే ఇవ్వు. ఈ గేర్ల గొడవ వాడికి తప్ప మనలో ఎవడికీ రాదు."

ఇమ్మానియేలు మొహంలోకి చిన్న నవ్వు వచ్చింది. మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోగానే పోయింది.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర అందర్నీ దించాడు. బండి దగ్గరే ఉండమన్నాడు జయరావు, లేకపోతే పిల్లలు గీతలు పెడతారని. ప్లేటు అక్కడికే పంపిస్తామన్నాడు. ఇమ్మానియేలుకి గీతల మాట నిజమేననిపించింది. ఉండిపోయాడు. ప్లేటు మాత్రం రాలేదు. వాచ్‌మన్ చూసి, డ్రైవర్లకి వెనక షెడ్డులో పెడుతున్నారని చెప్పాడు. ఆకలి మీదున్నాడేమో, ఇమ్మానియేలు వెళ్ళి తిన్నాడు. బిర్యానీ బాగుంది.

పక్క కుర్చీలో కలీం. గుంటూరు మిర్చి వ్యాపారి ఆదెయ్యగారి దగ్గర డ్రైవరు, సొంతూరు వినుకొండే. వాళ్ళది తెల్లటి ఆటోమేటిక్. చేతులు కడుక్కుని ఎర్ర కారు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ వాదన మొదలైంది. గేరు వేయకుండా పోవడం నడపడమే కాదని, అది సోఫాలో కూర్చోవడమని ఇమ్మానియేలు అన్నాడు. రెండో గేర్లో తొక్కితే ఈ బండి ఎలా లేస్తుందో చూడాలన్నాడు. ఎప్పుడు తొక్కావని కలీం అడిగాడు. ఇమ్మానియేలు కాసేపు ఆలోచించి, కొత్తలో అన్నాడు.

"నేను జీతానికి నడుపుతానన్నా," అన్నాడు కలీం. "ఎడమ కాలికి వేరే జీతం ఇవ్వరుగా."

రెండు కావస్తోంది. ఇప్పుడు బయల్దేరితే సముద్రం అందుతుంది. అంతలో జయరావు వచ్చాడు. ఆయన వెనకే పెళ్ళివారి మనిషి ఎండుమిరపకాయల బస్తా ఒకటి మోసుకొచ్చి కారు పక్కన పడేశాడు.

ఇమ్మానియేలు గొంతు సవరించుకున్నాడు. "ఒక మాట చెప్పాలి," అన్నాడు.

"దార్లో చెబుదువుగానీ, ముందు ఇది డిక్కీలో పెట్టు. నరసరావుపేటలో బాలింతని చూసి పోదాం. అన్నట్టు, వచ్చే శనివారం వియ్యంకుడి వాళ్ళని పొన్నూరులో దించాలి. నువ్వున్నావుగా అని ఒప్పేసుకున్నా."

జయరావు కిళ్ళీ కోసం మళ్ళీ లోపలికెళ్ళాడు. ఇమ్మానియేలు ఆలస్యమవుతుందని రెబ్కాకి మెసేజ్ పెట్టాడు. వెంటనే జవాబు వచ్చింది, బస్టాండులో ఉన్నానని.

అప్పుడే ఆదెయ్యగారు వచ్చి కలీం దగ్గర తాళాలు తీసుకున్నారు. కారు తనే నడుపుకుని పోతానన్నారు. ఇంత దూరం వచ్చాడు కాబట్టి పిల్లల్ని చూసుకుని సోమవారం రమ్మన్నారు. తెల్ల కారు చప్పుడు లేకుండా గేటు దాటింది.

కలీం జాలిగా చూశాడు. "మాదీ గేర్లదే అయితే నేనూ నీలాగే ఇక్కడ పడుండేవాణ్ణి. అసలు మీ ఓనరు ఆటోమేటిక్ ఎందుకు కొనలేదన్నా? దొరకలేదా?"

"దొరికింది. కావాలనే వద్దన్నాడు," అన్నాడు ఇమ్మానియేలు. "చుట్టాలెవరికీ గేర్లు రావు. గేర్ల బండయితే ఎవరూ అడిగి తీసుకెళ్ళలేరని."

కలీం పగలబడి నవ్వాడు. "గట్టి బుర్రే. ఇంతకీ ఆ తెలివిగలాయన ఏడీ, లోపల భోంచేస్తున్నాడా?"

ఇమ్మానియేలు మిరపకాయల బస్తాని భుజానికెత్తుకుని, ఘాటుకి గట్టిగా తుమ్మి, "లేదు, ఇందాక షెడ్డులో నీ పక్కనే కూర్చుని తిన్నాడు," అన్నాడు.